ఈగల వంటమనిషి

ముప్పై ఒక్క ఏళ్లు
ఈగలకు వండి పెట్టాను.
నవ్వకండి, అదే నా ఉద్యోగం.
అబెరిస్ట్‌విత్ యూనివర్సిటీలో,
జన్యుశాస్త్రం వాళ్ల వెనక గదిలో
మొక్కజొన్న పిండి, ఈస్టు, నల్లబెల్లం పాకం
అడుగంటకుండా కలిపి
వేడి వేడిగా గాజుబుడ్లలో పోసేదాన్ని.
మూతకు బదులు దూది.
ఇంటికెళ్తే ఆ తీపి కంపుకి
మా పిల్లి కూడా దగ్గరికొచ్చేది కాదు.

అక్టోబరులో కొత్త పిల్లలు వచ్చేవాళ్లు,
తెల్లకోట్ల మీద కొట్టు మడతలు పోకుండానే.
వెంట వచ్చిన తల్లులు గొంతు తగ్గించి అడిగేవాళ్లు,
ఇది చదివితే ఏమవుతారండీ అని.
జవాబుకు రంగుల కరపత్రం ఉండేది.
నన్నెవరూ అడగలేదు.

మొదటి పాఠం మాత్రం నాదే:
ఈగకు మత్తు ఎంత పెట్టాలి,
కుంచెతో రెక్క విరగకుండా ఎలా జరపాలి,
ఎర్రకళ్లవి ఇటు, తెల్లకళ్లవి అటు.
మూడుకి ఒకటి అంటుంది పుస్తకం.
బుడ్డిలో డెబ్బై నాలుగుకి ముప్పై ఒకటి వస్తుంది.
మొహాలు చిన్నబుచ్చుకునేవాళ్లు.
ఈగలు పుస్తకం చదవలేదు నాయనా,
ఇంకో రెండొందలు లెక్కపెట్టు, అనేదాన్ని.

గెథిన్ ఒకసారి దూది పెట్టడం మరిచాడు.
మూడు వారాల పని మూడు నిమిషాల్లో కప్పుకెగిరింది.
మెట్ల కింద కూర్చుని ఏడ్చాడు, ఆరడుగుల మనిషి.
ఇప్పుడు ఊరి బయట కొండవాలులో
వానకు పడిపోని ఓట్స్ రకం కోసం
పదకొండేళ్లుగా నడుము వంచుతున్నాడు.
ఇంకో నాలుగేళ్లు పడుతుందట.

తెగ్వెన్ పోలీసుల లాబొరేటరీలో
గుండీకంటిన చెమట చుక్కలోంచి
పేరులేని వాళ్లకు పేర్లు వెతుకుతుంది.
క్రిస్మస్ కార్డులో పని ఊసెత్తదు,
రెండు పేజీలూ కుక్క గురించే.

ఇద్రిస్ రెండో ఏడాదిలో మానేసి
అబెరైరన్ బస్సు నడుపుతున్నాడు.
లెక్క అందరికన్నా వాడికే సరిగ్గా వచ్చేది.
నేనెక్కినప్పుడల్లా
"ఎర్రవా, తెల్లవా?" అని అడిగి టికెట్టిస్తాడు.

నిరుడు మా అన్న చేతిలో కప్పు ఒలకడం మొదలైంది.
మా నాన్నదీ అలాగే ఒలికేది,
అప్పట్లో దాన్ని తాగుడన్నారు.

కార్డిఫ్ ఆసుపత్రి, మూడో అంతస్తు.
తలుపు తీసింది ఎలినెడ్,
ఒకప్పుడు నా దగ్గర కుంచె పట్టిన పిల్ల.
"మీరు నాకు తెలిసిన మనిషి, వేరేవాళ్లని పిలవనా?"
వద్దు, నువ్వే చెప్పు అన్నాను.
కాగితం మీద నాలుగు గడులు గీసింది.
బోర్డు తుడిచేటప్పుడు వేలసార్లు చెరిపిన గడులే.
ఈసారి వాటిలో ఎక్కడో నేనున్నాను.

పుట్టినప్పుడు సగానికి సగం, అంది.
అరవై రెండు దాటారు, ఇప్పుడు కొంచెం తక్కువ.
తర్వాత ఆగింది.
ఆ ఆగడం ఏ సెమిస్టర్లో నేర్పుతారో,
మా గదిలో మాత్రం నేర్పలేదు.

పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు.
ఆమె ఆ మాట అనలేదు.
తెలుసుకోవాలనుందా అని అడిగింది,
వద్దనుకోవడమూ మీ ఇష్టమే అంది.
ఒక్క ఈగను లెక్కపెడితే
ఏం నిష్పత్తి తేలుతుంది, ఎలినెడ్?
ఇంకో రెండొందల నన్ను ఎక్కడ తేను?

ఆలోచించుకుని వస్తానన్నాను.
కోటు అందిస్తూ ముక్కు ఎగబీల్చి నవ్వింది,
"ఇంకా పాకం వాసనే."

రైల్లో టీ కొనుక్కున్నాను, నిండు కప్పు.
రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాను.
ఒలకలేదు.
మలుపులో రైలు ఊగింది.
ఒలికింది.
పెట్టెలో అందరిదీ ఒలికింది.