పద్దెనిమిదోది

చూళైలో మా వంటింటి వెనక
మూడడుగుల బల్ల.
దాని మీద ఒక ప్రెస్సు, ఒక గరాటు,
మా నాన్న నాగలింగాచారి త్రాసు.
ఆయన అందులో బంగారం తూచాడు,
నేను మందు తూస్తాను.

మందంటే ఏ మందని
మేడమీది చెంగమ్మ మొదట్లో అడిగేది,
దగ్గుకా, మొగుడికా అని.
లైసెన్సు చూపించాను.
క్యాలెండరు పక్కన, అద్దం కట్టించి, ఉంది.
చదవలేదు గానీ ముద్ర చూసి తలూపింది.
"ఏం చంపుతావక్కా?"
"కాగితాన్ని."
ఇరవై అయిదు మీటర్ల అవతల ఒక నల్లటి గుండ్రం.
అదీ వారం వారం కొత్తగా బతికొస్తుంది.

ఆదివారం రేంజిలో
అందరూ పేల్చి, చేతులు దులుపుకుని పోతారు.
నేను వంగి ఏరుకుంటాను నా ఇత్తడిని
కోసిన చేలో పరిగె ఏరినట్టు.
యాభై పట్టుకెళితే యాభై తేవాలి.
ఒకటి ఎవరి బూటు కిందో దొర్లిపోయిందంటే
ఆ రాత్రి అన్నం సయించదు.

ఇంటికొచ్చి చింతపండు నీళ్లలో నానేస్తాను.
మసి వదిలి, పూజ చెంబుల్లా తేలతాయి.
ఒక్కొక్కదాన్నీ కిటికీ వెలుతురుకి తిప్పి చూడాలి.
మూతి దగ్గర వెంట్రుకంత చీలిక కనిపిస్తే
పక్కకి.
ఎన్నిసార్లు నమ్మకంగా పేలినదైనా పక్కకే.
పాత క్యారేజీ గిన్నె సగం నిండింది అలాంటివాటితో.
పారెయ్యను. ఎందుకో అడక్కండి.

నాన్న గురివింద గింజలతో తూచేవాడు.
ఆ పేరులోనే గురి ఉందని
నాకు యాభై రెండో ఏట తట్టింది,
పిస్తోలు పట్టుకున్న మొదటి ఏడు.
అప్పటికి ఆయన లేడు చెబుదామంటే.

మొన్న మే నెల. రాత్రి పదింపావు.
పదిహేడు పోశాను.
పద్దెనిమిదో గొట్టం మీద గరాటు ఆనించాను,
సందు చివర లారీ హారను.
మెట్రో నీళ్లు, నాలుగు రోజుల తర్వాత!
మెట్ల మీంచి చెంగమ్మ కేక: "అక్కా, బిందెలు!"

లేచాను.
మధ్యలో లేవకూడదు, తెలుసు.
నీళ్ల లారీకి లేవనివాళ్లు ఈ ఊళ్లో ఎవరో చెప్పండి.
వరసలో నిలబడ్డాక చూసుకున్నాను,
గరాటు చేతిలోనే ఉంది.
"దాంతో పడతావా నీళ్లు?" అని సందు సందంతా నవ్వింది.

ఏడు బిందెలు, తొణక్కుండా.
చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంటే
బల్ల మీద యాభై ఇత్తడి నోళ్లు.

పోశానా?
పోయలేదా?
రెండుసార్లు పోశానా?

తక్కువైతే గుండు దారిలోనే చిక్కుకుంటుంది.
ఎక్కువైతే, ఈ చెయ్యి.
టార్చి వేసి చూశాను.
పద్దెనిమిదోదాంట్లో మందుంది,
పక్కవాటికన్నా ఒక నీడంత ఎత్తుగా.
అది మందో నీడో.
ఒంపి తూచాను.
సరిగ్గా ఉంది. ముల్లు కదల్లేదు.
అప్పుడు మొదలైంది
పదిహేడోదాని మీద అనుమానం.

ఎవరిదో మంగళసూత్రం నాన్న మూడుసార్లు తూస్తుంటే
"నమ్మకం లేదా ఆచారీ?" అని ఆవిడ చిన్నబుచ్చుకుంది ఒకసారి.
"నీ మీద ఉందమ్మా" అని నాలుగోసారి తూచాడు.

అన్నీ ఒంపేశాను.
పదహారు, పదిహేను, చివరికి ఒకటోది కూడా.
రెండయింది.
ఫ్యాను ఆపి కూర్చున్నందుకు జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.
ఆ రాత్రి మళ్లీ పోయలేదు.
డబ్బా మూత బిగించి,
బిందెలోంచి ఒక గ్లాసు ముంచుకు తాగాను.
క్లోరిను వాసన.

ఆదివారం యాభై పేలాయి.
తొమ్మిదో వలయం, ఎనిమిది, మళ్లీ తొమ్మిది,
ఒకటి మాత్రం అట్ట దాటి మట్టిలోకి.
యాభై ఏరుకున్నాను.
వాటిలో పద్దెనిమిదోది ఏదో
ఇత్తడి చెప్పదు.

చెంగమ్మకి ఒక బిందె బాకీ ఉన్నాను.
తనది పొరపాటున నేను తెచ్చేశానట.
ఏడు కాదు, ఆరే నావి.
లెక్క తప్పింది అక్కడన్నమాట.