పొడుగు స్క్రూ

మూడు రోజులుగా ఆటో నాంపల్లిలోనే నిలబడ్డదన్నాడు కొమురెల్లి.
గ్యాసుంది, మీటరుంది, మనిషున్నాడు,
ఫోన్ లేదు.
"ఫోన్ లేకుంటే ఈ ఊళ్లె నన్నెవరు పిలుస్తరమ్మా?"

జగదీష్ మార్కెట్, మెట్ల కింద నా బల్ల.
ఎండాకాలం కూడా ఫ్యాన్ వెయ్యను,
గాలొస్తే ఆవగింజలో సగముండే భాగాలు
పక్క కొట్టులోకి లేచిపోతాయి.

"ఎక్కుతున్నట్టే చూపిస్తది.
మెరుపు బొమ్మ కనబడ్తది.
రెండు శాతం. పొద్దంతా పెట్టినా రెండే.
వైరు పీకితే సచ్చిపోతది."
దొంగ చార్జింగంటాం దాన్ని.
నోరాడిస్తుంది, కడుపులోకి మెతుకు పోదు.

ముందు వైరు మార్చాను. తర్వాత అడాప్టరు.
సూదితో పోర్టు గీకితే
ఖాకీ జేబు నూలు, బీడీ పొగాకు, చిటికెడు ఇసుక.
అంతే అయితే బాగుండు అనుకున్నా.
కాదు.

"ఇంతకుముందు ఎవరన్నా విప్పారా?"
"ఏడాదైతుంది. ఎవరో ఆడమనిషి, ఈడ్నే ఏడ్నో.
మంచిగనే చేసింది."

మీటరు కన్నా ముందు ముక్కు పెట్టు, అనేవాడు
మా ముజమ్మిల్ ఉస్తాద్.
వెనక అద్దం వేడి చేసి లేపి
బోర్డు దగ్గర ముఖం పెట్టాను.
మాడిన వాసన లేదు. తడి మరక లేదు.
బ్యాటరీ మీద మాత్రం నల్ల మార్కరుతో
ఒక చుక్క, కింద తేదీ.

నా చుక్క.
మెడ విరిగినట్టుండే ఆ ఏడు
నేను తప్ప ఇంకెవరూ రాయరు.

స్క్రూలు ఒక్కొక్కటే విప్పి అయస్కాంతం చాప మీద పేర్చాను.
ఐదోది పొడుగు.
పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది.
తేడా ఒక నూకగింజంత.
ఆ నూకగింజ ఏడాదిగా బోర్డు పొరల్ని పొడుస్తూ పొడుస్తూ
మలక్‌పేట వంతెన కింద గుంతలో ఆటో ఎగిరిన రోజున
వెంట్రుక కన్నా సన్నని రాగి గీతను తెంపేసింది.

ఆ తేదీన ఏమైందో తలుచుకోబోయాను.
ఏమీ కాలేదు.
బోనాల ముందు శనివారం, బల్ల మీద పదకొండు ఫోన్లు,
ఎవరో చాయ్ అందించారు.
చెయ్యి చాయ్ తీసుకుంది,
దించి, మళ్లీ స్క్రూ తీసుకుంది.

మైక్రోస్కోపు కింద ఆకుపచ్చ పొర గీకాను,
రాగి ఎర్రగా కనపడేదాకా.
ఊపిరి బిగబట్టి ఈ కొసకొక చుక్క సోల్డర్,
ఆ కొసకొక చుక్క,
నడుమ ఒక తీగ.
కంటికి లేదు, మీటరుకు ఉంది. కూసింది.

మూడు శాతం.
ఇద్దరం మాట్లాడలేదు.
నాలుగు.

"ఆ ఆడమనిషి నేనే," అన్నా.

ఆయన నా ముఖం చూళ్లేదు, ఫోన్ చూస్తున్నాడు.
ఐదయ్యాక అడిగాడు:
"మరి గిప్పుడు పొట్టిదే పెట్టినవా?"

పెట్టానన్నా.
పొడుగుదాన్ని పట్టకారుతో తీసి ఆయన అరచేతిలో వేశా.
చెయ్యి దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు.
"ఏదీ?" అన్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. కాచిగూడ సవారీ.
ఇంకా నిండనీయమంటే వినలేదు,
ఆటోలో పెట్టుకుంటనన్నాడు.
పైసలొద్దన్నా.
"కూలి కూలే," అని వంద నోటు బల్ల మీద పెట్టి
గల్లీలో జనాన్ని తోసుకుంటూ పోయాడు.
లోపల బ్యాటరీ మీద, పాత తేదీ కింద,
ఇవాళ్టి తేదీ ఉంది. చుక్క పెట్టలేదు.

షట్టర్ దించేవేళకు స్క్రూలు లెక్కపెట్టాను.
పొడుగుది లేదు.
చాప మీద లేదు, బల్ల కింద లేదు.
ఆ అరచేతి చెమటకు అంటుకొని పోయినట్టుంది,
ఎర్రగడ్డ దాకానో, ఇంకెక్కడి దాకానో.
అయినా టార్చి వేసి
కాసేపు నేలంతా వెతికాను.