నలుపు రెండు

గురువారం గురువారం
బల్లార్షా ఆస్పత్రి నాలుగో వార్డుకు పోత.
భుజానికి నాయిన పెట్టె.
మరాఠీలు దీన్ని పేటీ అంటరు, మనం పెట్టె అంటం,
గేటుకాడి వాచ్‌మన్ ఏమీ అనడు,
మూత తెరిపించి వంగి చూస్తడు.
ఉన్నయి మెట్లు, ముప్పై తొమ్మిది.
అండ్ల ఒకటి పలుకదు.

మొదటిరోజు తప్పు చేసిన.
గొంతు చించుకునే రాజులకు,
తెల్లారేదాకా చావని రాక్షసులకు వాయించిన చెయ్యి నాది.
వార్డుల పద్దెనిమిది మంచాలు,
అన్నింటి మీద బొగ్గు పట్టిన ఊపిరితిత్తులు.
ఎత్తుకున్నది సగం కాకముందే
కిటికీ పక్కన విఠోబా కోటరంగే చెయ్యెత్తిండు:
"బస్ కర్ బాయీ."
ఆపిన.
ఎట్ల ఆపాల్నో నాయిన నేర్పలేదు,
ఆయనను ఎవ్వరూ ఆపమనలేదు.

షెవంత సిస్టర్ స్టూలు తెచ్చి వేసింది.
"పసిపిల్ల పండుకున్న ఇంట్ల
గిన్నెలు సర్దినట్టు వాయించు" అన్నది.

అప్పుడు వినబడ్డది
మంచాల నడుమ ఆక్సిజన్ మిషన్.
ఒకటే స్వరం, రాత్రీ పగలూ,
నలుపు రెండుకు వెంట్రుకవాసి కింద.
వినీ వినీ వాళ్ళకు వినబడుడు మానేసిన స్వరం.
దాని మీద ఒక్క మెట్టు నొక్కి పట్టిన.
మిషన్ గొంతు, పెట్టె గొంతు
కలిసీ కలవక రాసుకుంటే
నడుమ సన్నగ అలలు లేచినయి.
పదకొండో మంచం కండ్లు తెరిచింది.

దుర్గం ఓదెలు.
ప్రాణహిత దాటి వచ్చి పందొమ్మిదేండ్లకే గనిల దిగినోడు.
ఆయన పని కప్పు కొట్టి చూసుడు.
షిఫ్టుకు అందరికన్న ముందు పోయి
ఇనుపకడ్డీతోని పైకప్పును తట్టి
చెవి పెట్టుడు.
ఖణేల్‌మంటే రమ్మని,
డబ్బుమంటే ఆగుమని.
ముప్పై ఒక్క ఏండ్లు
ఆ చెవి మీద నమ్మకంతోనే
మంది కొండ కింద కూసొని సద్ది విప్పుకున్నరు.

మాట్లాడితే ఆయాసం, గందుకే వేలితో పిలిచిండు.
పెట్టెను మంచానికి ఆనిస్తే
గోరుతోని మూత తట్టిండు, పక్కలు తట్టిండు,
వెనకపక్క తట్టి ఆగిండు.
"ఈడ వదులు."
రెండు మాటలు. ఆ తర్వాత చాలాసేపు
ముక్కుకు మాస్కు పెట్టుకొని పండుకున్నడు.

చంద్రపూర్‌ల గయాసుద్దీన్ వెనకపలక విప్పిండు.
వదులే.
లోపల రేకుల మీద నల్లటి దుమ్ము.
కాలనీ డ్రామాల పెట్టె కద,
నలభై ఏండ్లు అది కూడ ఆ గాలే పీల్చింది.
కుంచెతోని ఊడ్చి, కాయితంల చుట్టి,
విభూతి పొట్లం లెక్క చేతుల పెట్టిండు.
పలుకని మెట్టు పలికింది.

ఆ పొట్లం చూపిస్తే ఓదెలు
రెండు వేళ్ళ నడుమ నలిపి వాసన చూసి
"పాత బాయిది" అని నవ్విండు.
నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకూ ఆగలేదు.
సిస్టర్ నా దిక్కు చూసిన చూపు
ఇంకా నా వీపుకు అంటుకొనే ఉన్నది.

అప్పటిసంది తిత్తి ఆయనదే.
మెట్ల మీద నా వేళ్ళు, తిత్తి మీద ఆయన చెయ్యి.
లోపలి రెండు తిత్తులు మొరాయిస్తే
బయట మూడోది దొరికినట్టు,
మెల్లగ తెరుస్తడు, మెల్లగ మూస్తడు.
ఆయన ఎంత గాలిస్తే అంతే పాట.
చెయ్యి అలిస్తే చరణం నడుమనే నిలబడుత.
విఠోబా గోడ దిక్కు తిరిగి పండుకుంటడు.
నచ్చిందో లేదో తెల్వది,
వీపు ఏం చెప్తది.

పోయిన గురువారం
ఓదెలు తిత్తి మీద చెయ్యి పెట్టిండు గని లాగలేదు.
నేను కూడ మెట్టు నొక్కలేదు.
మిషన్ ఒక్కటే పాడింది,
వెంట్రుకవాసి కిందనే.
మూత వేస్తుంటే తిత్తిల మిగిలిన గాలి
ఉస్సుమని బయటికొచ్చింది.
పద్దెనిమిది మంచాలు ఇటు తిరిగినయి.

బస్సుల కండక్టర్ లగేజీ టికెట్ అడిగిండు,
ఏమున్నదండ్ల అన్నడు.
గాలి అన్న.
నమ్మలేదు. పది రూపాయలు కట్టి
పెట్టెను ఒడిల పెట్టుకున్న.
వర్ధా వంతెన మీద బస్సు కుదిపితే
వెనకపక్క ఒకసారి
గోరుతోని తట్టి చూసిన.