ముందు నీళ్ళు

పన్నెండు గంటల రాత్రి డ్యూటీ దిగి
హాల్‌బ్రూక్‌లో నా చక్రాల ఇంటికొచ్చి
కుళాయి తిప్పితే
చన్నీళ్ళు.
వేళ్ళు కొంకర్లు పోయే జనవరి నీళ్ళు.

రాత్రంతా దుప్పట్లు వెచ్చబెట్టాను.
ఆస్పత్రిలో అందుకో అలమర ఉంది,
తలుపు తీస్తే ఇస్త్రీ బట్టల వాసన.
ఆరో గదిలో మిసెస్ బెగే
మూడు కప్పించుకుని నాలుగోది అడిగింది.

నా ఇంటి హీటరుకి రెండు ప్రాణాలు, గ్యాసూ కరెంటూ.
రెండూ వేసే ఉంచాను గనక
ఎవరు పనిచేస్తున్నారో
ఎవరు చేస్తున్నట్టు నటిస్తున్నారో తెలియలేదు.
నిన్న సిలిండరు ఖాళీ అయ్యాక
దొంగ దొరికాడు.

బ్రేకరు పడలేదు.
బయటి మూత తీసి రీసెట్ బొత్తాం నొక్కాను,
టిక్కుమనలేదు. అంటే అలిగింది అది కాదు.
మీటరు సూదులు స్క్రూల మీద ఆనిస్తే నూట పద్దెనిమిది.
కరెంటు గుమ్మం దాకా వచ్చి నిలబడింది,
లోపలికి రమ్మనేవాళ్ళు లేరు.

బ్రేకరు దించి, వైర్లు విప్పి,
ఈసారి ఓములు అడిగాను.
పది రావాలి, పదికి కాస్త అటూ ఇటూ.
మీటరు అంకె చెప్పకుండా రెండక్షరాలు చూపించింది,
తెగిన తీగకి అది పెట్టుకున్న పేరు.
మళ్ళీ చూశాను. మళ్ళీ.
మణికట్టు దగ్గర అందకపోతే
మెడ దగ్గర వెతికే అలవాటు నాది.
కానీ దీనికి మెడ లేదు.

పక్క బండి ఓర్విల్, పాత రైల్వే మనిషి,
కుక్కతో సహా వచ్చి వంగి చూశాడు.
పెద్ద సాకెట్ తెచ్చి చేతికిచ్చి
ఒక్కటే అడిగాడు:
నీళ్ళు నింపకముందే స్విచ్చేశావా?

లేదన్నాను.
ఛార్టులో అయితే అలా రాసేదాన్ని కాను.

ఎల్కో నుంచి వచ్చిన రాత్రి
కుళాయిలో నీళ్ళొచ్చాయి కదా, ట్యాంకు నిండిందనుకున్నాను.
మంచం కింద అడ్డదారి వాల్వు
చలికాలానికని తిప్పింది తిప్పినట్టే ఉంది.
నీళ్ళు ట్యాంకుని తప్పించుకుని పక్కనుంచి పోతున్నాయి.
లోపల ఒట్టి పొట్టలో కడ్డీ, ఎర్రగా, ఒంటరిగా.
తెల్లారి చూసి, నాలిక్కరుచుకుని, వాల్వు తిప్పి
ఆ సంగతి మర్చిపోయాను.

మర్చిపోవడానికి నాకేం హక్కుంది?
గుంటూరు నర్సింగ్ హాస్టల్లో
నీలం బకెట్టు, అడ్డంగా కర్ర, దానికి వేలాడే రాడ్డు.
వార్డెన్ సువార్తమ్మ నడవా అంతా తిరుగుతూ
ప్రార్థన కంటే గట్టిగా అరిచేది:
ముందు నీళ్ళు! తర్వాత ప్లగ్గు!
మూడేళ్ళు విన్నాను. పరీక్షలో రాలేదని వదిలేశాను కాబోలు.

అడుగు మూత విప్పితే
మురుగువాసన నీళ్ళు, సున్నపు పెచ్చులు.
నా బరువంతా వేసి లాగితే ఊడొచ్చింది,
వంపు దగ్గర పగిలిన కడ్డీ,
వేగిన మిరపకాయలా నల్లగా.

షో లోకి గంట ప్రయాణం. కళ్ళు మూతలు పడుతున్నాయి.
కుక్క మందు కోసం ఎలాగూ పోతున్నానని
ఓర్విలే కొత్తది తెచ్చాడు, మిగిలిన చిల్లరతో సహా.
బిగించాక స్విచ్చు మీద తెల్ల టేపు ముక్క అంటించి
ఏమీ రాయకుండా వెళ్ళిపోయాడు.
నా అబద్ధం అతనికి తెలిసే ఉంటుంది.

వేడి కుళాయి తెరిచి కూర్చున్నాను.
అది దగ్గింది, ఉమ్మింది, గాలి కక్కింది,
చాలాసేపటికి ఒకే ధారగా నిలబడింది.
అప్పుడు బ్రేకరు. అప్పుడు స్విచ్చు.

వేడెక్కడానికి గంట.
తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని అలాగే నిద్రపోయాను.
గూడ్సు బండి బండినంతా వణికిస్తే లేచి చూద్దును కదా
డ్యూటీకి ఇరవై నిమిషాలు.
స్నానానికి టైము లేదు.
చేతులు మాత్రం మోచేతుల దాకా
ఆ నీళ్ళ కింద పెట్టి నిలబడ్డాను,
మిసెస్ బెగే ఐదో దుప్పటి అడుగుతుందేమో అనుకుంటూ.