పన్నెండో చెయ్యి

ముసఫ్ఫా, మూడో బ్లాకు, రెండొందల పద్నాలుగో అర్ర.
ఆరు ఇనుప మంచాలు, ఒక్కోదానికి కింద ఒకడు, మీద ఒకడు.
శుక్రవారం పొద్దుగాల మా అసెంబ్లీ కూసుంటది
ఉల్లిగడ్డలు కోసుకుంటనే.

ఏసీ పద్దెనిమిదా, ఇరవై నాలుగా?
చేతులు లేపుండ్రి.
కోడికూరా, పచ్చిపులుసా?
చేతులు లేపుండ్రి.
సిమెంటు కొరికిన చేతులు, వెల్డింగు చుక్కల చేతులు.
ఓదెలుది మూడు వేళ్ళ చెయ్యి,
మిగిలిన రెండు రువైస్‌ల ఏ మిషన్ కిందనో ఉన్నయి.
దాన్ని గూడ నిండు చెయ్యి కిందనే లెక్కవెట్టాలని
రంజాన్ సెలవునాడు అందరం ఉండంగ తీర్మానం చేసినం.
ఏడుకు నాలుగు.
ఓదెలు ఓటెయ్యలే, నవ్విండు.

నడుమల ఎవడూ లేడు.
ఓడినోడు గూడ అదే గంజుల తినాలె,
గెలిచినోడు వాని పక్కకే పండాలె.
గిదే అసలు రాజ్యం అనుకున్న కొన్నాళ్ళు.

కని నైట్ డ్యూటీ ఇద్దరు, గంగనర్సు, మొఫిజుల్,
దుప్పటి మొకం మీదికి గుంజుకొని పండుకుంటరు.
వాళ్ళ చేతులు ఎవలు లేపాలె?
మెలకువ ఉన్నోళ్ళదే మెజారిటీ.
పది నెలల సంది మొఫిజుల్ నిద్రల వణుకుతుండు,
మేం పద్దెనిమిది అన్నందుకు.

తర్వాత నీళ్ళ సంగతి వచ్చింది.
రెండు నెలల ఓటీ పైసల సంగతి వచ్చింది.
అది అర్రల తెగేది గాదు.
నాలుగొందల అర్రల చేతులు ఆఫీసు తలుపుల పట్టయి,
బ్లాకుకు ఒక్కడే రావాలె అన్నరు.
రాజలింగును పంపినం. హిందీ వచ్చు, కోపం రాదు.

పన్నెండు మాటలు మూటగట్టి ఇచ్చినం.
మెట్లెక్కంగ ఐదే మిగిలినయట.
సోఫాల కూసోంగ మూడు.
నోట్లెకెళ్ళి ఎల్లింది ఒక్కటే,
అది గూడ ప్లీజ్‌తోని మొదలైందట.
వాపసు వచ్చినంక వాని అంగీకి
ఇలాచి చాయ వాసన.
వారం రోజులు మేం ఆ వాసననే పట్టుకున్నం.
అమ్ముడువోయిండు అన్నడు జలంధర్.
నేనేం అనలే.
అదీ ఒక ఓటే అని ఇప్పుడు ఎరుకైతుంది.

రెండోసారి పోయిండు.
సోఫాల కూసోలేదట, నిలవడే చెప్పిండట, పన్నెండూ.
సోమవారం కొత్త నీళ్ళ ట్యాంకర్ వచ్చింది.
బుధవారం రాజలింగు పాస్‌పోర్టు వాని చేతికొచ్చింది,
నడుమ టికెట్ పెట్టి.

నాలుగొందల అర్రల చేతులు పట్టుకునుడు కష్టం.
ఒక్క మెడ ఎంతసేపు?
మా తరఫున మాట్లాడు అన్నం గని
మా తరఫున పో అనలే గద.
అయినా ఆ ట్యాంకర్ నీళ్ళు తాగుతున్నం.
తియ్యగనే ఉన్నయి.

ఊర్ల ఎలక్షన్లట.
జాబితాల నా పేరుకు గీత గీసి తమ్ముడు ఫోటో పంపిండు.
ఆడ ఓటున్నది, నేన్లేను.
ఈడ నేనున్న, ఓటు లేదు.
రెండూ ఒక్కతాన ఉన్నది ఈ అర్రలనే,
అది గూడ కూర కాడనే.

నిన్న శుక్రవారం.
బ్లాకు తరఫున మళ్ళొకన్ని పంపాలెనట.
ఎవరు పోతరు?
ఉల్లిగడ్డలు కోసుడు ఆగింది. ఏసీ చప్పుడు ఒక్కటే.
నా రెండు చేతులూ తొడల కింద ఉన్నయి,
ఎప్పుడు పెట్టుకున్ననో యాదికి లేదు.

ఓదెలు గొంతు సవరించుకున్నడు.
ముందుగాల ఏసీ సంగతి తేల్చుండ్రి, అన్నడు.
ఆ ఇద్దర్ని లేపుండ్రి.
లేపినం.
మొఫిజుల్ కండ్లు నలుపుకుంట
దేనికో తెలువకముందే చెయ్యి లేపిండు.
ఇరవై నాలుగు గెలిచింది.

రాసేది నేనే.
హాజరు: పన్నెండు, అని రాసిన అలవాటుకు.
మళ్ళ మంచాల దిక్కు చూసి
కొట్టేసి, పదకొండు అని రాసిన.

కొట్టేసింది కనవడుతనే ఉన్నది.