పడావు

కోటపల్లి దాటినంక తారురోడ్డు ఒడిసింది.
కారు దిగితే గడ్డి.
అటు ప్రాణహిత గట్టు దాకా
గడ్డే.
"అడవన్నవు గదనే అమ్మా, చెట్లేవి?"
మేఘన మూతి ముడిచింది.

మా మామ ఓదెలు, ముప్పై ఏండ్ల గిర్దావరు.
ఈ సర్వే నంబర్లన్నిట్ల ఆయన చేతిరాతే:
పడావు, పడావు, పడావు.
ఇయ్యాళ పంచె ఎగ్గట్టి ముందు నడిస్తే
నడుము దాకా మునిగిండు.

"కూసోండ్రి" అన్నడు.
కూసుంటే గని తెల్వలే
గడ్డిది ఒక్క రంగు గాదని.
కంకి కాడ రాగి, కణుపు కాడ ఊదా,
మొదట్ల మొన్నటి వాన ఇంకా ఆరని పచ్చ.
కాళ్ల సందుల నుంచి పూరేడు పిట్ట బుర్రున లేస్తే
చిన్నోని చేతిల సర్వపిండి కిందవడ్డది.
చీమలకు అప్పుడే ఎరుకైంది.

దూరంగ నల్లజింక.
మెలితిప్పిన కొమ్ములెత్తి మమ్ముల జూసి,
మనిషిని లెక్క జెయ్యనట్టు
మళ్ల మేతకు వంగింది.
అందరం ఊపిరి బిగవట్టినం.
మామ మాత్రం తల దించుకున్నడు.

వాపసొచ్చేటప్పుడు వెనుక సీట్ల
పంచెకు గుచ్చుకున్న గడ్డిముల్లు గింజలు
ఒక్కొక్కటి ఏరి
కళ్లద్దాల డబ్బిల ఏసుకుంటున్నడు.
"పారెయ్యరాదు తాతా" అన్నది మేఘన.

చెన్నూరు లైట్లు కనవడ్డంక అన్నడు,
ఎవ్వరడగకున్నా:
"పహాణీల ఆ కాలంల
వేరే మాట రాసే జాగ లేకుండె బిడ్డా."

డబ్బి మూత పడుతలేదు.
చిన్నోడు ఒత్తి పట్టుకున్నడు.