ఎనిమిదో షరతు

మారతహళ్లి వంతెన కింద
మా మంజునాథ జెరాక్స్‌లో
అద్దె ఒప్పందం రెండొందల యాభై,
స్టాంపు కాగితం ఖర్చు వేరే.

ఫైలు ఒక్కటే. మూడు షాపులది.
మొదట ఎవరు కొట్టారో ఎవరూ చెప్పలేరు.
తిప్పేస్వామి అన్న షాపు కొన్నప్పటికే ఉంది
గోడకి పాత క్యాలెండరు మేకులాగా.

పేరుండాల్సిన చోట పేరుండదు,
అటూ ఇటూ ముక్కులు తెరుచుకున్న గుర్తులుంటాయి:
«అద్దెదారు», «తండ్రి పేరు», «అడ్వాన్సు».
ఎక్సెల్ గడుల్లోంచి మేత తెచ్చి నోట్లో పెడతాను.
ఒక్క నొక్కు.
నలభై మంది నలభై ఇళ్లలోకి దిగిపోతారు.

ఒకసారి వరస ఒక గడి జారి
ఒకడి పక్కన ఇంకొకడి నాన్న పడ్డాడు.
పీజీలో అరవై మందీ సంతకాలు పెట్టాక తెలిసింది.
ఎవరూ చదవరు.
చదివేదాన్ని నేనూ కాను.

మొన్న ఒక నర్సమ్మ చదివింది.
మెహరున్నీసా, ప్రొద్దుటూరు.
రాత్రి డ్యూటీ దిగి, ఎర్రటి కళ్లతో,
మందుచీటీ చూసినట్టు పంక్తి పంక్తికీ వేలు పెట్టి.
ఎనిమిది దగ్గర వేలు ఆగింది.
ఇంగ్లీషు వాక్యమే, తెలుగులో చెప్పుకుంటే ఇంతే:
బావిగట్టు మీద బట్టలు ఉతకరాదు,
పొద్దు గూకాక నీళ్లు తోడరాదు.

"అక్కా, ఐదో అంతస్తులో బావెక్కడ?"

నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.
పదకొండేళ్లుగా ఈ చేత్తోనే
ఎన్ని వేలమందితో ఒట్టు వేయించానో
లేని బావి మీద!
ట్యాంకరు కోసం బక్కెట్లతో మెట్ల మీద కూర్చునేవాళ్లు,
ఒంటి నిండా సబ్బుతో కొళాయి కింద ఆగిపోయినవాళ్లు,
చీకటి పడ్డాక నీళ్లు తోడబోమని
రాసిచ్చినవాళ్లే అందరూ.

ఎదురు వీధి పిళ్లమ్మని అడిగాను.
మూడు బిల్డింగుల అద్దె కొంగున ముడేసుకునే ముసలామె,
సగం తెలుగు, సగం కన్నడం, మిగతాది వక్కాకు.
"మా మామ పెట్టించిందే అది.
మొదట బాడిగకొచ్చింది టైపు మేష్టారు,
ఆయనే కొట్టినాడు కాగితం.
ఆయన పెండ్లాం రాత్రిపూట నీళ్లు చేదుతా ఉంటే
గిలక కిర్రుకిర్రుమని
మా మామకి నిద్ర పట్టేది కాదు."

"బావేమైంది?"

చెప్పుకాలితో నేల తట్టింది.
"ఇదో, నీ స్కూటర్ నిలబెట్టినావే, ఆడ."

ఆ రాత్రి షట్టరు సగం దించి
ఎనిమిదోది చెరిపేశాను.
తొమ్మిది ఎనిమిదైంది, పది తొమ్మిదైంది,
అన్నీ చప్పుడు లేకుండా ఒక్కో మెట్టు దిగాయి.
చివరి పేజీలో మాత్రం
'ఎనిమిదో షరతు తప్పినచో ఇల్లు వెంటనే ఖాళీ చేయవలెను'
కదల్లేదు.
ఇప్పుడు ఎనిమిదంటే, గోడకి మేకు కొట్టరాదు.

ఒక మేకుకి ఇల్లు పోవడమా?
కంట్రోల్ జెడ్ నొక్కాను.
బావి తిరిగొచ్చింది.

మెహరున్నీసా సంతకం పెడుతూ అంది:
"ఉండనీ అక్కా.
ఎప్పుడైనా నిలదీస్తే, ముందు బావి చూపించమంటా."

ఈ పొద్దున నలభై రెండు కాపీలు.
ప్రింటరు ఒక్కో కాగితాన్నీ కిందినుంచి చేదుకుంటూ
కిర్రుమంటోంది.
నూనె వేయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.
వేయలేదు.